తగ్గింది ఏమిటో ముందు చూసుకుందాం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడుగుతున్నాయి: త్వరగా బరువు తగ్గాలి, ఫలానా డైట్ చేయొచ్చా? మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఇది నాకు కొత్తేమీ కాదు. విశాఖపట్నం సీతమ్మధారలో నా క్లినిక్‌కి ఏటా సంక్రాంతి ముందు వచ్చేవాళ్లలో చాలామంది ఈ పని మీదే వస్తారు. 22 ఏళ్లుగా ఈ ఊళ్లోనే డైటీషియన్‌గా ఉన్నాను. క్యాబేజీ సూపు చూశాను, ఏడు రోజుల జీఎం డైట్ చూశాను, 2017-18 ప్రాంతంలో మన రెండు రాష్ట్రాలనూ ఊపేసిన కొబ్బరి నూనె, నిమ్మకాయల డైట్ చూశాను. ఇప్పుడు కీటో, ఒంటిపూట భోజనం, షేకులు నడుస్తున్నాయి. డైట్ పేరు మారినా నా ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పే మొదటి మాట మాత్రం మారలేదు. "మేడమ్, పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాను." నేను అడిగేదీ మారలేదు. తగ్గింది ఏమిటమ్మా? నీళ్లా, కండా, కొవ్వా? బరువు చూసే మెషీనుకు ఆ తేడా తెలియదు. ఈసారి ఐదు ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను. కొన్నింటికి జాగా ఎక్కువ పట్టింది, తప్పలేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 24 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు. ఫిబ్రవరి చివర్లో పెళ్లి. బరువు 68 కిలోలు ఉండేదాన్ని. మా కాలనీలో ఒక కోచ్ దగ్గర చేరి మూడు వారాలుగా షేక్ డైట్ చేస్తున్నాను. పొద్దున ఒక షేకు, రాత్రి ఒక షేకు, మధ్యాహ్నం సూపు. అంతే. ఆరు కిలోలు తగ్గాను. కానీ లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఈ నెల పీరియడ్ మూడు వారాలు ఆలస్యమైంది. ఒంట్లో టాక్సిన్స్ పోతున్నాయి, భయపడొద్దని కోచ్ అంటున్నారు. ఆపేయమని అమ్మ రోజూ గొడవ. ఇంకో ఐదు కిలోలు తగ్గాక ఆపేస్తే సరిపోతుందా?
(పేరు రాయవద్దన్నారు, ఎంవీపీ కాలనీ)

జవాబు: అమ్మా, మీ అమ్మగారు చెప్పిందే సరైన మాట. ఇంకో ఐదు కిలోల దాకా ఆగొద్దు. ఈ రోజే ఆపేయండి.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, కాగితం మీద మీరూ వేసుకోండి. ఒక కిలో ఒంటి కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. ఆరు కిలోలంటే 46,200. 21 రోజులకు పంచితే రోజుకు 2,200. మీ వయసు, మీ ఎత్తు ఉన్న అమ్మాయి రోజంతా తిరిగి, పని చేసుకుని ఖర్చు పెట్టేదే సుమారు 1,800. అంటే మీరు ఈ మూడు వారాలూ పచ్చి మంచినీళ్ల మీద ఉన్నా ఆరు కిలోల కొవ్వు కరగదు. మరి మెషీను అబద్ధం చెప్పిందా అంటే, లేదు. ఆరు కిలోలు పోయిన మాట నిజమే. అందులో కొంత కొవ్వు, కొంత కండ, చాలావరకు నీళ్లు.

ఈ నీళ్ల సంగతి చాలామందికి తెలియదు. మన కాలేయంలో, కండల్లో అవసరానికి దాచుకున్న పిండిపదార్థం అర కిలో దాకా ఉంటుంది. దాన్ని గ్లైకోజన్ అంటారు. ప్రతి గ్రాము గ్లైకోజనూ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి ఆపగానే ముందు ఖర్చయ్యేది ఇదే. దాంతో పాటు ఆ నీళ్లూ పోతాయి. అందుకే ఏ డైట్ మొదలుపెట్టినా మొదటి వారం రెండు కిలోలు తేలిగ్గా దిగుతాయి. ఏ కోచ్‌కైనా, ఏ పౌడరుకైనా పేరు వచ్చేది ఆ మొదటి వారంలోనే. మీరు మామూలుగా రెండు రోజులు అన్నం తిన్నారంటే ఆ నీళ్లు తిరిగి వస్తాయి. అప్పుడు "డైట్ ఆపితే లావైపోయాను" అని మీరు కంగారు పడతారు, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళతారు.

ఇక టాక్సిన్స్. కళ్లు తిరగడం విషాలు పోతున్న గుర్తు ఎంతమాత్రం కాదు. విషాలను బయటికి పంపడానికి మీకు కాలేయం, కిడ్నీలు ఉన్నాయి, వాటికి షేకు సాయం అక్కర్లేదు. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గి బీపీ పడిపోతూ ఉండొచ్చు. పొటాషియం తగ్గితే గుండె లయ కూడా తప్పుతుంది. ఇది బెదిరించడానికి అంటున్న మాట కాదు. 1970ల చివర్లో అమెరికాలో ద్రవ రూపంలో ప్రొటీన్ తాగుతూ మిగతా తిండి మానేసే డైట్ బాగా నడిచింది. దాని మీద ఉండగానో, ఆపిన కొత్తల్లోనో దాదాపు 60 మంది చనిపోయినట్టు అక్కడి ప్రభుత్వ సంస్థలు నమోదు చేశాయి. వాళ్లలో చాలామంది వయసులో ఉన్న ఆడవాళ్లు. గుండె లయ తప్పి పోయారు. మీ షేకూ అదీ ఒకటే అనడం లేదు. తిండి అంత తక్కువైనప్పుడు గుండెకు ఏమవుతుందో తెలియాలని చెబుతున్నాను.

పీరియడ్ ఆగడం కూడా అలాంటి సంకేతమే. ఇంటికి సరుకు రావడం లేదని శరీరానికి అర్థమైతే, ముందు మానేసే ఖర్చు అదే. గైనకాలజిస్టును కలవండి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, పొటాషియం పరీక్షలు ఆవిడ రాస్తారు. ఈలోగా స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా ఏ రాత్రయినా సరే దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

ఇంకొకటి, మీకు పెళ్లి కాబట్టి చెప్పి తీరాలి. ఇలా ఒక్కసారిగా తిండి మానేసినవాళ్లకు జుట్టు వెంటనే రాలదు. రెండు మూడు నెలల తర్వాత కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకు వస్తుంది. మీ మూడు వారాలకు రెండు మూడు నెలలు కలిపి చూడండి, ఎక్కడికి వస్తుందో. ఇప్పుడు ఆపితే అది పూర్తిగా తప్పుతుందని హామీ ఇవ్వలేను కానీ, తీవ్రత తగ్గే అవకాశం ఉంది. మీ వెంట్రుకలు కుదుళ్ల నుంచి మళ్లీ వస్తాయి, అందుకని బెంగ పెట్టుకోకండి.

నా టేబుల్ మీద మూత బిగించిన చిన్న గాజు సీసా ఒకటి ఉంటుంది. అందులో 11 రాళ్లు. పెద్దది శనగగింజంత, మిగతావి పెసలంత, పసుపు కలిసిన మట్టి రంగు. ఒకావిడ పిత్తాశయం ఆపరేషన్ అయ్యాక తెచ్చి ఇచ్చారు. నాలుగు నెలల్లో 19 కిలోలు తగ్గి, "నా డైట్ మీది కంటే బాగా పనిచేసింది మేడమ్" అని నాకు ఫోన్ చేసి చెప్పిన మనిషి. వారానికి కిలోన్నరకు మించి తగ్గుతూ పోతే పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది. ఒంటి కొవ్వు వేగంగా కరిగేటప్పుడు కాలేయం ఎక్కువ కొలెస్ట్రాల్‌ను పైత్యరసంలోకి వదులుతుంది. తిండిలో కొవ్వు లేకపోతే పిత్తాశయం ముడుచుకోదు, రసం అక్కడే నిలవ ఉండి గడ్డకడుతుంది. మీరు తాగే సూపులో నూనె చుక్క ఉండదని నాకు తెలుసు. డొక్కలో కుడివైపు నొప్పి వచ్చి వీపులోకి పాకితే గ్యాస్ అనుకుని ఊరుకోకండి.

ఇప్పుడేం తినాలి? మొదటి రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా పెంచండి. పొద్దున రెండు ఇడ్లీలు, సాంబారు, ఒక గుడ్డు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, దానికి సమానంగా పప్పు, దానికి రెట్టింపు కూర, పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి రెండు పుల్కాలు, కూర, పాలు. చేపలు తింటారా? హార్బరులో నెత్తళ్లు మంచివి దొరుకుతాయి, ముళ్లతో సహా తినొచ్చు కాబట్టి కాల్షియం కూడా. పీరియడ్ మళ్లీ వరసలో పడేదాకా బరువు తగ్గే మాటే ఎత్తకండి. ఆ తర్వాత వారానికి అర కిలో చాలు. పెళ్లి జాకెట్టు కుట్టే టైలరుకు లోపల మడత ఎక్కువ వదలమని చెప్పండి, కొలతలు రెండోసారి ముహూర్తానికి పది రోజుల ముందు ఇవ్వండి.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా ఆయనకు 52 ఏళ్లు. ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. తొమ్మిదేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున వేసుకుంటారు. పోయినేడాది డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర కూడా ఇచ్చారు. ఐదు వారాల క్రితం ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టింది చూసి అన్నం, రొట్టె, పళ్లు అన్నీ మానేశారు. రోజుకు ఒకపూటే భోజనం, 80 గ్రాముల కొబ్బరి నూనె. ఏడు కిలోలు తగ్గారు. షుగరూ తగ్గింది. కానీ రెండుసార్లు డ్యూటీలో చెమటలు పట్టి, చేతులు వణికి కూర్చుండిపోయారట. పోయిన వారం వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. మీటరులో 190 ఉంది కదా, గ్యాస్ అయివుంటుందిలే అనుకున్నాం. మర్నాటికి తగ్గింది. ఈ డైట్ కొనసాగించవచ్చా?
(గాజువాక నుంచి ఒక సోదరి)

జవాబు: అక్కా, ఈ నెల నన్ను నిద్రపోనివ్వని ఉత్తరం మీది. పత్రికలో వచ్చేదాకా ఆగకూడదని, మీరు ఉత్తరంలో రాసిన నంబరుకు అప్పుడే ఫోన్ చేశాను. ఆయన డాక్టరును కలిశారని తెలిసి కుదుటపడ్డాను. ఇదే తిండి, ఇవే మాత్రలతో ఇంకెన్ని ఇళ్లలో నడుస్తోందో అని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. అన్నం, మైదా, తీపి తగ్గిస్తే షుగర్ తగ్గుతుంది. అందులో అబద్ధం లేదు. డాక్టరు పర్యవేక్షణలో పిండిపదార్థాలు బాగా తగ్గించి, మాత్రలు కూడా తగ్గించుకున్నవాళ్లు నా దగ్గరే ఉన్నారు. కానీ వాళ్లకు ముందు మాత్రల మోతాదు మారింది, తర్వాత కంచం మారింది. మీ ఇంట్లో కంచం మారింది, మాత్రలు అలాగే ఉన్నాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

డ్యూటీలో చెమటలు, వణుకు దేనివల్లనో చూద్దాం. గ్లిమెపిరైడ్ పాంక్రియాస్‌ను గిల్లి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనిషి తిన్నాడా లేదా అని ఆ మాత్ర చూసుకోదు. పొద్దున మాత్ర వేసుకుని రాత్రి దాకా తినకపోతే, ఉన్న కాస్త చక్కెరనూ ఆ ఇన్సులిన్ తోసేస్తుంది. 70 కంటే కిందికి దిగితే చెమట, వణుకు, చిరాకు, మాట తడబాటు. ఇంకా దిగితే ఫిట్స్, స్పృహ పోవడం. ఫర్నేసుల దగ్గర, క్రేన్ల కింద పనిచేసే మనిషికి అది ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పాలా? షుగర్ మాత్రలు వేసుకునే ప్రతివాళ్ల జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి. వణుకు మొదలైతే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మీటరులో చూసుకోవాలి, ఇంకా 70 కిందే ఉంటే మళ్లీ తాగాలి. ఆ తర్వాత భోజనం చేయాలి. ఈ మాత్ర వల్ల దిగిన షుగర్ ఒకసారి పెరిగి మళ్లీ దిగిపోవచ్చు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్సు పిలవండి.

రెండోది ఇంకా మోసం చేసేది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. గుండెకు, కిడ్నీలకు మేలు చేసే మంచి మందులే. కానీ ఇవి వేసుకుంటూ పిండిపదార్థం పూర్తిగా మానేస్తే, ఒళ్లు కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. అవి మోతాదు మించితే రక్తం ఆమ్లంగా మారిపోతుంది. దాన్ని కీటోఅసిడోసిస్ అంటారు. మామూలుగా షుగర్ రోగులకు ఇది వచ్చినప్పుడు మీటరు 300, 400 చూపిస్తుంది, అందరూ పరుగెత్తుతారు. ఈ మాత్రల మీద ఉన్నవాళ్లకు 250 లోపే, ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది. 2015లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మీటరులో 190. మీరు రాసిన నాలుగు ముక్కలూ చదివి నా చేతులు చల్లబడ్డాయి. అది కీటోఅసిడోసిస్ అవునో కాదో ఇప్పుడు చెప్పలేం. ఆ రోజే రక్తంలో కీటోన్లు పరీక్ష చేయించాల్సింది. ఇక ముందు అలాంటిది జరిగితే, వాంతులవుతూ తిండి తినలేని రోజున ఆ మాత్ర వేయకుండా, మీటరు ఎంత చూపించినా సరే, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. "ఈ మాత్ర వాడుతున్నారు" అని డ్యూటీ డాక్టరుకు చీటీ చూపించండి. షుగర్ మామూలుగా ఉందని వాళ్లూ పొరపాటు పడకుండా ఉంటారు.

కొబ్బరి నూనె గురించి. 80 గ్రాములంటే ఎంతో మా వంటింట్లో కొలిచి చూశాను. ఆరు టేబుల్ స్పూన్లు. దాదాపు ఒక చిన్న టీ గ్లాసు నిండింది. అందులో 700కు పైగా కేలరీలు. ఆ నూనెలో పదింట తొమ్మిది వంతులు సంతృప్త కొవ్వు. షుగరున్న మనిషికి గుండె ముప్పు ఎలాగూ ఎక్కువ. నెలల తరబడి ఇలా తాగితే చెడ్డ కొలెస్ట్రాల్ చాలామందికి పెరుగుతుంది. కేరళలో కూరలో వేసుకుంటారు కదా అంటారు. కూరలో వేసుకోవడం వేరు, గ్లాసులో పోసుకుని తాగడం వేరు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, మనమంతా ఎన్ఐఎన్ అంటామే, 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు సవరించి ఇచ్చింది. 2,000 కేలరీల కంచంలో అది పెట్టిన లెక్క ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు. మన ఇళ్లలో అన్నం ఒక్కటే ఆ లెక్క దాటిపోతుంది, పప్పు దాని దరిదాపుల్లోకి రాదు. మీ ఆయన కంచంలో మార్చాల్సింది ఆ రెండే. డాక్టరు అనుమతి ఇచ్చాక మధ్యాహ్నం అన్నం ఒక కప్పుకు దించి, పప్పు, చేప, ఆకుకూర పెంచండి. నైట్ షిఫ్టు రోజున మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, భోజనం ఎప్పుడు చేయాలో డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించుకోండి. షిఫ్టు మనుషులకు మాత్ర ఒక టైముకు, తిండి ఒక టైముకు పోవడం నేను చాలా చూశాను. డైట్ లేకుండానే దానివల్ల ఎంతోమంది పడిపోయారు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, రిటైర్ అయ్యాను. రోజూ పొద్దున బీచ్ రోడ్డులో నడుస్తాను. నాతో నడిచే మిత్రులు పరగడుపున ఆనపకాయ రసం తాగితే పొట్ట తగ్గుతుందని చెప్పారు. యాపిల్ సైడర్ వెనిగర్ కూడా మంచిదంటున్నారు. మీ సలహా?
(ఒక పాఠకుడు, పెదవాల్తేరు)

జవాబు: నడక మానకండి, అది మీకు ఇప్పటికే మేలు చేస్తోంది. బండ్లు ఆపేసిన ఆ రోడ్డు మీద పొద్దున్నే సముద్రం గాలికి నడవడం ఈ ఊరి వాళ్ల అదృష్టం.

ఆనపకాయ కూరగా తినండి, పప్పులో వేసుకోండి. పచ్చి రసం మాత్రం వద్దంటాను. చేదు ఆనపకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలుంటాయి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదుగా ఉన్న ఈ రసం తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల కమిటీ వేసి, చేదుగా ఉంటే తాగవద్దని చెప్పింది. మన పెద్దవాళ్లు ఆనపకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూసేవాళ్లు, గుర్తుందా? మా అమ్మమ్మ కత్తిపీట దగ్గర కూర్చుంటే మొదటి ముక్క ఎప్పుడూ ఆవిడ నోట్లోకే. చేదైతే కాయ మొత్తం పెంట మీదికి. రసంలో కాకరకాయ, ఉసిరికాయ కలిపేస్తే ఏ చేదు దేనిదో తెలియదు. తాగాక వాంతులు, విరేచనాలు, ముఖ్యంగా రక్తం పడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వెనిగర్‌తో పొట్ట కరగదు. పంటి ఎనామెల్ కరుగుతుంది. గుండెకో, బీపీకో నీళ్ల మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వేసుకుంటుంటే పొటాషియం ఇంకా తగ్గే భయం కూడా ఉంది.

ప్రశ్న: మా అమ్మాయికి 16. ఇంటర్ చదువుతోంది. ఆరు నెలలుగా అన్నం ముట్టడం లేదు. ఒక యాపిల్, నాలుగు కీరా ముక్కలు. రోజుకు నాలుగుసార్లు బరువు చూసుకుంటుంది. బలవంతంగా తినిపిస్తే వెంటనే బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. 54 నుంచి 41కి వచ్చింది. ఇంకా లావుగా ఉన్నానంటోంది. ఏ డైట్ చార్ట్ ఇవ్వమంటారు?
(ఒక తల్లి, మధురవాడ)

జవాబు: అమ్మా, ఈ పాపకు నేను చార్ట్ ఇవ్వను. ఇది డైట్ దాటిపోయింది. 41 కిలోలున్న పిల్ల అద్దంలో లావుగా కనిపిస్తున్నానంటే, తిన్నది వాంతి చేసుకుంటోందన్న అనుమానం ఉంటే, అది జబ్బు. పొగరు కాదు, మొండితనమూ కాదు. తిట్టొద్దు, బతిమాలొద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు. బరువు మెషీను ఇంట్లోంచి తీసేయండి. ఈ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గర గుండె, పొటాషియం పరీక్షలు చేయించి, మానసిక వైద్యులకు చూపించండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడానికి నలుగురూ ఏమనుకుంటారోనని మీరు సంకోచించవచ్చు. దయచేసి సంకోచించకండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులేమీ అడగరు, తెలుగులోనే మాట్లాడతారు. పాప కళ్లు తిరిగి పడిపోతే, కాళ్లు చేతులు చల్లబడి నీరసించిపోతే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రిలో చేర్చండి. చాలా రోజులు తినని ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టడం కూడా ప్రమాదమే. తిండి పెంచడం డాక్టరు చెప్పిన లెక్కలోనే జరగాలి.

ప్రశ్న: మేడమ్, నేను టీచర్‌ని. వయసు 38. రెండేళ్ల క్రితం రోజుకు 900 కేలరీల డైట్ చేసి 11 కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండా 13 కిలోలు పెరిగాను. ఇప్పుడు 74. స్టాఫ్ రూములో అందరి ముందూ "మళ్లీ మొదటికొచ్చావే" అంటున్నారు. నాకు మనోబలం లేదా? నా ఒళ్లే ఇంతా?
(ఒక ఉపాధ్యాయిని, అనకాపల్లి రోడ్డు)

జవాబు: మీ ఉత్తరంలో "మనోబలం లేదా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అదే మాట ఒకప్పుడు నన్ను నేను అడుక్కున్నాను.

ఆంధ్రా యూనివర్సిటీలో చదివే రోజుల్లో నెలన్నర పాటు పళ్లు, మజ్జిగ మీదే ఉన్నాను. తొమ్మిది కిలోలు తగ్గాను. ఆ రోజుల్లో నాకు చదువు ఒక్క ముక్క తలకెక్కలేదు. హాస్టల్ మెస్‌లో పోపు వేస్తే మూడో అంతస్తులో వాసన పసిగట్టేదాన్ని. రాత్రిళ్లు ఇంటికి వెళ్లాక ఏమేం తినాలో నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకునేదాన్ని: గుత్తి వంకాయ, ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర. ఆ పేజీలు చూసి నా స్నేహితురాలు భయపడింది. తర్వాత సెలవులకు ఇంటికి వెళ్లి నెల రోజుల్లో పోయిందంతా తెచ్చుకున్నాను. సిగ్గుతో కుంగిపోయాను.

ఏళ్ల తర్వాత వృత్తిలోకి వచ్చాక మిన్నెసోటా ప్రయోగం గురించి చదివాను. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం తిండి పెట్టి గమనించారు. వాళ్లకు ఇచ్చింది రోజుకు సుమారు 1,570 కేలరీలు. మీ 900తో పోల్చి చూడండి. ఆ మగపిల్లలు బరువులో నాలుగో వంతు పోగొట్టుకున్నారు. దాంతో పాటు దేని మీదా మనసు నిలవని స్థితికి వచ్చారు. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. కంచాలు నాకారు. తిండి తిరిగి ఇచ్చాక ఎంత తిన్నా తీరని ఆకలి వాళ్లను వారాల తరబడి వదల్లేదు. ఒంట్లో కొవ్వు మొదట్లో ఉన్నదాని కంటే ఎక్కువకు చేరింది. వాళ్లంతా తమంతట తాము ఒప్పుకుని వచ్చినవాళ్లు, మనోబలానికి కొదవలేని మనుషులు. ఆ పేజీలు చదివిన రోజు నేను ఏడ్చాను. నా నోటుబుక్కు గుర్తొచ్చింది.

కాబట్టి మీకు మనోబలం ఉంది. 900 కేలరీల మీద పిల్లలకు పాఠాలు చెబుతూ 11 కిలోలు తగ్గేదాకా నిలబడ్డారు. ఒళ్లు కరువొచ్చిందనుకుని తన పని తాను చేసింది. ఆకలి పెంచింది, ఖర్చు తగ్గించింది. అప్పుడు పోయినవాటిలో కండ కూడా ఉంది. పెరిగినప్పుడు ఎక్కువగా వచ్చింది కొవ్వు. ఎన్ఐఎన్ వాళ్లు కూడా 1,000 కేలరీల కిందికి పోవద్దనీ, వారానికి అర కిలో తగ్గితే క్షేమమనీ చెబుతున్నారు.

ఈసారి మనం కండను కాపాడుకుంటూ మొదలుపెడదాం. మీ బరువుకు రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తగ్గకూడదు. రెండు గుడ్లలో 12, ఒక కప్పు చిక్కటి పప్పులో 10 దాకా, వంద గ్రాముల చేపలో 20, అర లీటరు పాలు, పెరుగు కలిపి 15 వస్తాయి. మిగతాది అన్నం, రొట్టె, శనగల్లో సర్దుకుంటుంది. పొద్దున స్కూలుకు పరుగెత్తే ముందు టీ, రెండు బిస్కెట్లు కాకుండా, మన వైపు చోడి (రాగి) అంబలి ఉందిగా, అందులో మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసుకుని ఒక గ్లాసు తాగి, గుడ్డు తినండి. చోళ్లలో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అలాగని మూడు పూటలా చోళ్లే తినమని కాదు, ఈ మధ్య ఆ పిచ్చి కూడా మొదలైంది. వారానికి మూడు రోజులు బరువులతో వ్యాయామం చేయండి. డంబెల్స్ లేకపోతే రెండు లీటర్ల నీళ్ల సీసాలు చాలు. పుట్టినరోజు పార్టీకి పిలిస్తే వెళ్లండి, కేకు ముక్క తినండి.

స్టాఫ్ రూములో ఆ మాట అన్నావిడకు "నా బరువు గురించి మాట్లాడొద్దండీ, బాధగా ఉంటుంది" అని నెమ్మదిగా ఒక్కసారి చెప్పి చూడండి. చాలామంది బాధపెట్టాలని అనరు, అలవాటుగా అనేస్తారు.

థైరాయిడ్ పరీక్ష చేయించి రెండేళ్లు దాటితే ఒకసారి చేయించండి. బరువు వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున్నే చూసుకోండి, రోజూ వద్దు. నడుముకు టేపు బొడ్డు దగ్గర పెట్టి, పొట్ట లోపలికి లాగకుండా, ఊపిరి వదిలాక కొలవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది. నాలుగు నెలల తర్వాత ఆ కొలత నాకు రాసి పంపండి. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, రాత్రి నిద్ర పడుతోందా అన్నది కూడా రాయండి.